లేని చోటి నొప్పి

కల్వకుర్తి,
14 మార్చి 1962.

బిక్షమ్మక్కకు,

నీ పక్క మంచం సావిత్రమ్మను. హైదరాబాదు దవాఖానలో నీదీ నాదీ ఒకే వారంలో ఆపరేషను అయింది. నీకు కుడి రొమ్ము తీశారు, నాకు ఎడమది. ఇంటికి పోయే రోజున నువ్వొక కాగితం మీద నీ ఊరి పేరు రాసి నా దిండు కింద పెట్టావు. "పోరాటం నాడు సంఘపోల్లు బడి పెట్టి నేర్పిన అక్షరాలు, వంకరున్నా చదువుకో" అన్నావు. ఇన్నాళ్ళకు ఆ కాగితం బయటికి తీశాను.

మొన్న పుష్య అమావాస్యకు అష్టగ్రహాలు ఒక చోట కూడి లోకం మునిగిపోతుందని ఇక్కడ ఊరంతా హోమాలు, భజనలు చేశారు. లోకం మునగలేదు. నేనూ ఉన్నాను.

గాయం మానింది. కుట్లు వేసిన చోట తెల్లని గీత మాత్రం ఉంది. కాని చంక కింద నుంచి మోచేతి లోపలి వైపు దాకా ఒకటే మంట. పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో కన్ను తుడుచుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా, చర్మం లోపల. రవిక గుడ్డ తగిలినా ఉలిక్కిపడతాను. విచిత్రమేమిటంటే ఆ మంటకు పక్కనే, అరచేయంత మేర గిల్లినా తెలియదు. కొయ్య ముక్కను ముట్టుకున్నట్టు ఉంటుంది.

ఏ పనైనా వరుసగా చేసే అలవాటు నాది. మంచం పక్కన నా గ్లాసు ఎవరైనా జరిపితే మళ్ళీ సర్దుకునేదాన్ని, నువ్వు నవ్వేదానివి. ఈ నొప్పిని కూడా అట్లాగే గమనించాను. మబ్బు పట్టిన రోజు ఎక్కువ. బిందె ఎత్తితే ఎక్కువ. ఎవరైనా వచ్చి మాట్లాడుతుంటే తక్కువ. ఎప్పుడు వస్తుందో తెలిసింది గాని, ఎందుకు వస్తుందో తెలియలేదు. కదిలిస్తే లోపలి కుట్టు విడిపోతుందని మా పెద్దవాళ్ళు చెబితే, చేతిని పాత చీర పేలికతో ఒంటికి కట్టుకుని ఉంటున్నాను. ఇప్పుడా చెయ్యి భుజం దాకా కూడా లేవడం లేదు. నా జడ నేను వేసుకోలేను.

ఇంట్లో ఆయనకు చెప్పలేదు. శివరాత్రికి మొక్కు తీర్చడానికి శ్రీశైలం నడిచిపోయాడు. కాళ్ళు పుండ్లు పడి తిరిగొచ్చాడు. గడపలో కూలబడి, "ఇగ నీకేం కాదు సావిత్రీ, నేను ముఖాముఖి అడిగి వచ్చిన" అన్నాడు. తాలూకా కచేరీలో ఆయనతో పనిచేసే గుమాస్తాలందరూ "రామచంద్రం ఇంటామెకు పూరా నయమైందంట" అని చెప్పుకుంటున్నారు. ఆ కాళ్ళకు ఆముదం రాస్తూ, నాకింకా నొప్పి ఉందని ఏ నోటితో చెప్పను?

నిన్ను ఒక్క సంగతి అడుగుతాను, దాచకుండా రాయి. కోసిన చోట నీకు నొప్పి ఉందా? నీకూ ఉంటే ఇది ఆపరేషను వల్ల వచ్చిన నొప్పి. నీకు లేకపోతే, నాకు ఆ రోగమే మళ్ళీ మొదలైందన్నమాట. డాక్టరమ్మను అడగాలంటే భయం. నిన్ను అడగడానికి భయం లేదు.

నీ
సావిత్రమ్మ

*

కేతేపల్లి,
మార్చి నెలాఖరు.

సావిత్రమ్మ చెల్లెకు బిక్షమ్మక్క దండాలు.

నీ తీరుగ పుస్తకం తెలుగు నాకు రాదు. మాట్లాడినట్టే రాస్త. నీ ఉత్తరం తెచ్చిన పోస్టు పెద్దులు వాకిట్ల నిలబడి "నేను సదివి చెప్పాల్నా?" అన్నడు. "నాకూ కండ్లున్నయి, ఇటియ్యి" అన్న. మా అత్త గుర్వమ్మ ఊకుంటదా? "గొర్లు కాసేదానికి ఉత్తరాలు రాసేటోళ్ళెవరే?" అన్నది. "దొరసాని రాసింది. నీకు రాయలేదని బాధా?" అన్న. పొద్దంత నాతోని మాట్లాడలే. జర సుఖంగ ఉన్న.

నువ్వు అడిగినవు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. కోసిన కాడ నాకు నొప్పి లేదు. గుడ్డ తగిలితే మంట గిట్ట లేదు. చెయ్యి మంచిగ లేస్తది. దవాఖానకెల్లి వచ్చిన పది దినాలకే మంద ఎంబడి పోయిన. ఉన్ని వడుకుతున్న. చెయ్యి కట్టుకోని కూసునే జాగా మా ఇంట్ల ఎక్కడిది?

నొప్పికి మా దిక్కు ఉప్పు ఏంచి మూట కట్టి కాపుతరు. సురుక్కుమనేదాక పెట్టు. సురుక్కుమన్నంక తియ్యి. గొర్రె కాలు బెణికినా గదే చేస్తం.

వేరే ఒక ముచ్చట ఉన్నది. అది నొప్పి కాదు, రాసేది గూడ కాదు. ఎదురుపడ్డనాడు చెప్త. ఫికర్ చెయ్యకు. కడుపునిండ తిను.

బిక్షమ్మ

*

కల్వకుర్తి,
16 మే 1962.

బిక్షమ్మక్కకు,

నీ ఉత్తరం చదివి దేవుడి గూట్లో పెట్టాను. నీకు నొప్పి లేనందుకు సంతోషం. ఈ మాట మనసారా రాస్తున్నాను, నమ్ము. నా సంగతి కూడా దానితో తేలిపోయింది. ఇద్దరికీ ఒకే ఆపరేషను, చేసిందీ ఒకే డాక్టరమ్మ. నీకు లేని నొప్పి నాకుంటే అది కోత వల్ల వచ్చింది కాదు.

ఏడవలేదు. పని మొదలుపెట్టాను. ఇది ఊరగాయల కాలం. నాకు చెయ్యి లేవదు కనుక పొరుగావిడను పిలిచి, పక్కన కూర్చుని, ఆయనకు రెండేళ్ళు సరిపోయేంత పెట్టించాను. వంటింట్లో డబ్బాలన్నిటికీ కాగితం ముక్కలు అంటించి పేర్లు రాశాను. కందిపప్పు ఏదో పెసరపప్పు ఏదో ఆయనకు ఈనాటికీ తెలియదు. ఇప్పుడు అన్నం వండటం నేర్పిస్తున్నాను.

"బియ్యం మీద వేలు పెట్టి చూసి నీళ్ళు పొయ్యాలె" అన్నాను.

"ఏ వేలు? నీది సన్నం, నాది లావు."

"మీదే. వండేది మీరే గద."

"నేనెందుకు వండుత? నువ్వు యాడికన్న పోతున్నవా?"

"పోతే?"

"పోతే హోటల్ల మిరపకాయ బజ్జీలు తిని ఉంట. గీ వేలు ముంచుడు నాతోటి కాదు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు అన్నం గంజిలా అయింది. వంక పెట్టకుండా ఇద్దరం తిన్నాం.

నువ్వు చెప్పిన ఉప్పు మూట కూడా పెట్టి చూశాను. మంట ఉన్న చోట పెట్టలేక, పక్కన పెట్టాను. సురుక్కుమనేదాకా పెట్టమన్నావు. ఎంతకీ సురుక్కుమనలేదు. చల్లారిందేమోనని మళ్ళీ వేడి చేసి పెట్టాను. రవిక తీసి చూసుకుంటే బొబ్బలు. చర్మం కాలుతున్నా ఒంటికి తెలియలేదు. వెన్న రాస్తున్నాను, మానుతోంది. ఇందులో నీ తప్పు ఏమీ లేదు. నీ గొర్రెకు సురుక్కుమంటుంది, నాకు అనదు, అంతే తేడా.

వచ్చే నెలలో చూపించుకోవడానికి రమ్మని ఇంటికి పంపేటప్పుడే డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. నేను పోను. పోతే రెండో వైపు కూడా కోస్తారు. "మళ్ళీ వచ్చింది" అన్న మాట ఆమె నోటి నుంచి వినకుండా ఉంటే, ఈ ఇంట్లో ఇంకొన్నాళ్ళు మామూలు మనిషిలా తిరగొచ్చు. "ఇక రానక్కరలేదని దవాఖాన వాళ్ళు రాశారు" అని ఆయనతో చెప్పాను. పెళ్ళయిన నాటి నుంచి ఆయనతో అబద్ధం చెప్పి ఎరగను. నమ్మాడు.

నువ్వు మాత్రం తప్పకుండా పోయి చూపించుకో.

సావిత్రమ్మ

*

కేతేపల్లి,
25 మే.

చెల్లె,

నీ ఉత్తరం పట్టుకోని గొర్ల దొడ్డిల కూసోని ఏడ్చిన. ఏడుపు అయిపోయినంక కోపమొచ్చింది. నాకు నొప్పి లేదని నువ్వు సచ్చిపోతున్నవా? నా ఒల్లు చూసి నీ ఒంటికి తీర్పు చెప్పుకుంటివి! ఒక్క ఈతల పుట్టిన రెండు గొర్రెపిల్లలే ఒక్క తీరు ఉండయి. నువ్వు చదువుకున్నదానివి, నీకు గింత తెల్వదా? డబ్బాల మీద పేర్లు రాస్తదంట, పేర్లు!

రాయనన్న ముచ్చట ఇయ్యాల రాస్త. నవ్వితే మంచిగుండదు.

నాకు లేనిది గుంజుతది. కుడి దిక్కు ఏం లేదు, చదును. చెయ్యి పెడితే పక్కటెముకల బొక్క తగుల్తది. అయినా అది ఆడనే బరువుగ ఉన్నట్టు ఉంటది. మందల పాలుతాగే పిల్ల తల్లి కోసం అరిసిందనుకో, దాంట్ల పాలు చేపినట్టయితది. ఆ ఎనుక మొనకాడ సూదులు గుచ్చినట్టు ఒక్క తీరుగ గుంజుతది. గట్టిగ పట్టుకుందామంటే చేతికి ఏం దొరకది. లేనిదానికి మందు యాడ రాయాలె చెల్లె? నువ్వు కోసిన కాడ నొప్పి ఉన్నదా అని అడిగినవు. కోసిన కాడ లేదు. కోసి తీసేసిన దాంట్ల ఉన్నది. గిది నొప్పి అని ఎట్ల రాయాలె?

ఒకనాడు వాకిట్ల కూసోని పైటల చెయ్యి పెట్టి తడుముకుంటుంటే మా అత్త చూసింది.

"ఏం పారేసుకున్నవే?" అన్నది.

ఉన్నది చెప్పిన. చెప్పకుంట ఉండాల్సింది. "కోసినదాన్ని యాడ పారేసిండ్రో ఏమో, మట్టిల కలవలే. గాలై తిరిగొచ్చి నిన్ను పట్టుకున్నది" అన్నది. ఏరువాక పున్నమి ఎల్లినంక వాత పెట్టాల్నంటది. కుంటే గొర్రెకు ఇనుప కడ్డి కాల్చి పెడ్తరు, గా వాత. మా ఆయన గోపయ్య అటు అననూ లేడు, ఇటు అననూ లేడు. గొంగడి కప్పుకోని బయటికి పోయిండు.

నాకు గూడ గాలే అనిపిస్తాంది. లేకపోతే లేనిది ఎట్ల నొస్తది? పెట్టిచ్చుకుంటె పోతదేమో, పెట్టిచ్చుకుందామనుకుంటున్న.

నువ్వు మాత్రం దవాఖానకు పో. నీది రోగం కాదు. నా మనసు చెప్తాంది.

బిక్షమ్మ

*

కల్వకుర్తి,
30 మే 1962.

అక్కా,

ఈ ఉత్తరం అందగానే చదువు. వాత పెట్టించుకోవద్దు.

నీకు కూడా కోసిన చోట ఎక్కడో ఒక చోట మొద్దుబారి ఉంటుంది. వేలితో మెల్లగా తడిమి చూసుకో. నాకు ఉప్పు మూటే బొబ్బలు ఎక్కించింది. ఎర్రగా కాల్చిన కడ్డీ పెడితే ఎక్కడ ఆపాలో నీ ఒంటికి తెలియదు. నువ్వు కేక పెట్టవు. కేక పెట్టకపోతే, ఇంకా గాలి వదల్లేదని మళ్ళీ పెడతారు.

అది గాలి కాదు. ఇక్కడి కచేరీలో బంట్రోతు అబ్దుల్ హమీద్‌కు లారీ కింద పడి మోకాలి కింద కాలు పోయింది. లేని మడమ దురద పెడుతోందని అతను కూర్చున్న చోట నేలను కర్రతో గోకుతుంటాడు. కచేరీలో నవ్వుతారు గాని, గాలి పట్టిందని ఒక్కరూ అనలేదు. మగవాడి కాలు కదా. అతని కాలికి ఉన్న న్యాయం నీ రొమ్ముకు ఎందుకు ఉండదు? లేనిది కూడా నొస్తుంది. ఎందుకో నాకు తెలియదు. డాక్టరమ్మకు తెలిసి ఉంటుంది. పున్నమి రాకముందే హైదరాబాదు పోయి ఆమెను అడుగు.

ఈ మాట రాసి చాలాసేపు కలం పక్కన పెట్టాను. నువ్వేమంటావో నాకు తెలుసు. అనకు. నా సంగతి వేరు.

సావిత్రమ్మ

*

(కార్డు)

కేతేపల్లి,
4 జూన్.

సావిత్రమ్మకు. నీ సంగతి ఏం వేరు లేదు. చంక కింద నీకున్న మంట డాక్టరమ్మకు చూపియ్యి. పదకొండు తారీఖు సోమవారం పొద్దున్న గౌలిగూడల బస్సులు ఆగే కాడ ఉంట. నువ్వొస్తే ఇద్దరం దవాఖానకు పోదాం. నువ్వు రాకపోతే ఎదురు బస్సెక్కి ఇంటికొచ్చి వాత పెట్టిచ్చుకుంట. కవరుకు పైసలు లేక కార్డు రాయలే. నీ ఇంటాయన గూడ చదవాల్నని రాసిన.

బిక్షమ్మ

*

కల్వకుర్తి,
2 జూలై 1962.

బిక్షమ్మక్కకు,

నీ కార్డు ఆయనే చదివాడు. గౌలిగూడలో ఆయనను నా వెంట చూసి నువ్వు నోరు మూసుకుని నవ్వావు గాని, ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలియదు. దవాఖానలో మాట్లాడుకునే వీలు చిక్కలేదు. చివరికి బస్సు పోతుందని నువ్వు ఉరికావు. అందుకని అన్నీ ఇప్పుడు రాస్తున్నాను.

పోస్టు జవాను కార్డును కచేరీలోనే ఆయన చేతికిచ్చాడు. పని మధ్యలో లేచి వచ్చేశాడు. నేను చింతపండు గింజలు తీస్తున్నాను. కార్డు నా ముందు పెట్టి నిలబడ్డాడు.

"నీకు నొప్పున్నదా?"

"ఉన్నది."

"ఎప్పటిసంది?"

"ఇంటికి వచ్చినప్పటిసంది."

"నేను శ్రీశైలం పోయి వచ్చిననాడు గూడ?"

"ఆనాడు గూడ."

నీళ్ళు తాగడానికి వంటింట్లోకి పోయాడు. ఎంతకీ బయటికి రాలేదు. పోయి చూస్తే డబ్బాల ముందు నిలబడి, నేను రాసిన పేర్లను ఒక్కొక్కటే చదువుతున్నాడు. వెనక్కి తిరిగి చూడకుండానే అడిగాడు.

"గిందుకా నాకు అన్నం వండుడు నేర్పింది?"

నేను చింతపండు చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

"నేను వండ. ఇగ నేను పొయ్యి ముట్ట. నువ్వుంటవ్. నువ్వే వండుతవ్. మాడినా, ఉడకకున్నా నువ్వే వండుతవ్, నేను తింట." ఆ మనిషి గొంతు పెంచి మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. కాగితాలన్నీ గోటితో గీకి ఊడబీకాడు. ఆ సాయంత్రం నాకు బాగాలేక పడుకుంటే చాయ్ పెట్టడానికి పోయి, చక్కెర అనుకుని ఉప్పు వేశాడు. పొయ్యి ముట్టనన్న ఒట్టు ఒక పూట కూడా నిలవలేదు.

ఇక డాక్టరమ్మ సంగతి. నిన్ను ఎక్స్‌రే ఫోటో తీయడానికి తీసుకుపోయినప్పుడు ఆమె నన్ను కూర్చోబెట్టి చేతులతో అంతా నొక్కి చూసింది. చంకలు, మెడ, రెండో వైపు, పొట్ట. బొబ్బల మచ్చలు చూసి "ఇదేమిటి?" అంది. ఉప్పు మూట అన్నాను. తల పట్టుకుంది. నా ఫోటోలు కూడా చూశాక, ఆయనను లోపలికి పిలిచి, నా ఎదురుగా కూర్చుని చెప్పింది.

"రోగం తిరిగి రాలేదు. చంకలో గడ్డలు తీసేటప్పుడు అక్కడి నరాలు కొన్ని తెగుతాయి. తెగిన నరం మానుతూ మానుతూ ఏమీ లేకపోయినా మంట అని చెబుతుంది. కొన్ని నరాలు అసలు మాట్లాడవు, అక్కడ నీకు స్పర్శ తెలియదు. ఆపరేషను అయిన చాలామందికి ఈ నొప్పి ఉంటుంది. కొందరికి ఉండదు. అంతేగాని నొప్పి ఉన్నవాళ్ళకు రోగం ఉందనీ, లేనివాళ్ళకు లేదనీ కాదు."

"ఎప్పుడు పోతుందమ్మా?" అని అడిగాను.

"తగ్గుతుంది. కొంత ఉండిపోవచ్చు. పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను."

నాకు కోపం రాలేదు అక్కా. పోతుంది పోతుంది అని చెప్పిన వాళ్ళందరికంటే ఆమె మీదే నాకు నమ్మకం కలిగింది. ఆయనే పాపం కాళ్ళ వైపు చూసుకున్నాడు.

ఆమె చెప్పినవి నీ దగ్గర కూడా ఉండాలని రాస్తున్నాను. చెయ్యి కట్టుకోవడం వల్లనే భుజం బిగుసుకుపోయిందట. ఆ చీర పేలికను ఆమే విప్పి చెత్తబుట్టలో వేసింది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళను చీమల్లా పైకి పాకించాలి. ఆగిన చోట బొగ్గుతో గీత పెట్టి, మర్నాడు దాన్ని దాటడానికి చూడాలి. దాటకపోయినా ఏడవకూడదు. మంట ఉన్న చోట దూదితో నిమరాలి. దానికి అలవాటు పడ్డాక మెత్తని గుడ్డతో, ఆ తర్వాత మామూలు గుడ్డతో. తాకకూడదని దాచిన కొద్దీ చర్మం ఇంకా బెదురుతుందట. కాపడం ఏ రకమైనదీ పెట్టకూడదు. మాత్ర మరీ ఓర్చుకోలేని రోజునే, అన్నం తిన్నాక. చెయ్యి వాచినా, ఎక్కడైనా గడ్డ తగిలినా, చర్మం రంగు మారినా వెంటనే పోవాలి. పిలిచిన నెలలో నొప్పి ఉన్నా లేకున్నా పోవాలి.

మొదటి రోజు గోడ ముందు నిలబడితే వేళ్ళు నా గడ్డం దగ్గరే ఆగిపోయాయి. కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఈ రోజు కనుబొమ్మల దాకా వచ్చాయి. నొప్పి మాత్రం అట్లాగే ఉంది. కాని ఇప్పుడు అది వచ్చినప్పుడు నొప్పి ఒక్కటే వస్తుంది. వెనకాల చావు రావడం లేదు.

నీకేం చెప్పింది? వాత సంగతి ఏమైంది?

నీ
సావిత్రమ్మ

*

కేతేపల్లి,
సెప్టెంబరు.

చెల్లెకు దండాలు.

వానలు పడ్డయి. గొర్లకు గిట్టల రోగం, నీకు జవాబు రాయ తీరలే.

నాకు గూడ నరాలే అని చెప్పింది డాక్టరమ్మ. రొమ్ము పోయింది గని దాని సుద్ది మోసుకొచ్చే నరం పోలేదంట. నాకు వెంటనే సమజైంది. మంద మొత్తం అమ్మేసినా మా కుక్క దొడ్డి కాడనే పండుకుంటది చూడు, పిల్ల కూత ఇనబడితే చెవులు నిక్కిస్తది చూడు, గట్ల. డాక్టరమ్మతోని గిదే అంటే మస్తు నవ్వింది. అది వచ్చినప్పుడు కండ్లతోటి చూసుకుంట అరచెయ్యి ఆడ పెట్టి నిమరమన్నది, లేదని ఒంటికి నేర్పియ్యాల్నంట. కుక్కకు నేర్పినట్టే. ఒక్కనాడు ఇంటది, ఒక్కనాడు ఇనది.

ఇంటికొచ్చినంక మా అత్త అడిగింది. "ఏమన్నది మీ డాక్టరమ్మ?"

"నరాలు అన్నది."

"నరాలకు గాలి సోకదా?"

"సోకదంట."

"ఆమెకేం తెల్సు? ఆమె గొర్లు కాసిందా?" అన్నది. పున్నమి ఎల్లింది. కడ్డి చూరుల నుంచి దింపింది. నేను గూడ మొండికేసిన. "పెట్టుమంటె పెడుదువు గని, ముందుగాల నాకొక్కటి చెప్పు అత్తా. పిల్ల అరిస్తే పాలు చేపినట్టయితది నాకు. గాలికి పాలుంటయా?" అన్న.

ఆమె కడ్డి పట్టుకోని నిలబడ్డది. నిలబడి నిలబడి కూసున్నది. కూసోని నా దిక్కు చూడకుంట చెప్పింది. "నా మొదటి బిడ్డ పురిట్లనే పోయింది. నెల దినాలు పాలు చేపినయి నాకు. ఎవరి పిల్ల ఏడ్చినా రైక తడిసేది. బిడ్డ లేదని రొమ్ముకెవరు చెప్తరే?"

నేను కాపురానికొచ్చి గిన్నేండ్లాయె, ఆ బిడ్డ ముచ్చట నాకు తెల్వదు. మా ఆయనకూ తెల్వదంట. కడ్డి మళ్ళ చూరుల పెట్టింది. ఇప్పుడు నాకు గుంజుడు మొదలైతే నా మొకం చూసి ఆమెకు తెలుస్తది. "వచ్చిందా?" అంటది. "వచ్చింది" అంట. మంద కాడికి ఆమె పోతది. తిట్టుకుంటనే పోతది, అది వేరే.

నీ వేళ్ళు యాడిదాక ఎక్కినయి?

బిక్షమ్మ

*

కల్వకుర్తి,
20 జనవరి 1963.

బిక్షమ్మక్కకు,

నీ అత్తగారి మాట ఆయనకు చదివి వినిపించాను. ఆయన "ఆమెకు నా నమస్కారం రాయి" అన్నాడు.

చైనా యుద్ధం వచ్చినప్పటి నుంచి ఇక్కడ ఆడవాళ్ళందరం మహిళా మండలిలో జవాన్లకు ఉన్ని బనియన్లు అల్లుతున్నాం. నాకు అల్లికలు రావు. ఉండలు చుడుతున్నాను. అందరూ చెయ్యి తిప్పినంత జోరుగా నేను తిప్పలేను, నా ఉండలే అన్నిటికంటే బిగువుగా ఉన్నాయని మాత్రం ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. మా వీధిలో దర్జీ అహ్మద్ అలీ ఉన్నాడు. అతని భార్య ఖాతూన్ ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. బిగువు రవికలు తొడుక్కోలేక, చంక దగ్గర వదులుగా, ముందు ముడి వేసుకునేట్టు కుట్టమని ఆమెను అడిగాను. కొలత తీసుకోవడానికి తలుపు వేసి పైట తీయించింది. చూసింది, ఏమీ అడగలేదు. టేపు ఎక్కడ తగిలితే నేను ఉలిక్కిపడ్డానో అక్కడ మళ్ళీ తగలకుండా కొలిచింది. కుట్టు లోపల వైపు మెత్తని పాత మల్లు గుడ్డ వేసింది. ఇప్పుడు పగలంతా ఆ రవికతోనే ఉండగలుగుతున్నాను.

మొన్న ఆమె మా ఇంటికి వచ్చింది. తలుపు తనే వేసింది. నా చెయ్యి పట్టుకుని తన రొమ్ము మీద పెట్టుకుంది. రేగుపండంత గడ్డ. ఎవరికీ చెప్పలేదట.

"కోస్తరా అక్కా?"

"డాక్టరమ్మ చూడాలె. అన్ని గడ్డలు అదే కాదు. అదే అయితే కోస్తరు."

"కోసినంక నొప్పి ఉంటదా?"

వంటింట్లో నుంచి ఆయన తలుపు సందులో చెయ్యి ఊపుతున్నాడు, లేదని చెప్పు, భయపడుతుంది అని. నాకు ఆ చెయ్యి కనిపిస్తూనే ఉంది. ఆ పిల్లకు ముప్పై కూడా ఉండవు. లేదు అంటే ఎంత సులువు! ఆమె ధైర్యంగా బస్సెక్కుతుంది, ఆపరేషను చేయించుకుంటుంది. ఆరు నెలల తర్వాత ఒక మబ్బు పట్టిన రోజున చంక కింద మంట మొదలవుతుంది. సావిత్రక్కకు లేని నొప్పి నాకెందుకు వచ్చింది అని కూర్చుంటుంది. ఎవరికీ చెప్పకుండా డబ్బాలకు పేర్లు అంటిస్తుంది.

"ఉంటది" అన్నాను. "అందరికి ఒక్క తీరు ఉండదు. నీకు ఉండకపోను వచ్చు. నాకున్నది, ఇప్పుడు గూడ ఉన్నది. కని నొప్పి ఉన్నదంటే రోగం ఉన్నట్టు కాదు. అది వస్తే నా దగ్గరికి రా. చెయ్యి మాత్రం కట్టుకోకు, ఎవరు చెప్పినా కట్టుకోకు."

భయపెట్టానేమో, ఇక పోదేమో అనుకున్నాను. ఆమె పైట సర్దుకుని అడిగింది.

"నువ్వు గింత మంటతోని ఉండలు చుడుతున్నవా?"

"చుడుతున్న."

"అయితే ఎన్నడు పోదాం?"

గురువారం పోతున్నాం. అహ్మద్ అలీకి ఆయన చెప్పివచ్చాడు. నువ్వు కూడా రాగలిగితే రా. ముగ్గురం ఉంటే ఆమెకు ధైర్యం. నీ కుక్క కథ కూడా చెబుదువు గాని.

కవరు అంటించబోతూ మొదటి నుంచి మళ్ళీ చదువుకున్నాను. నా నొప్పి ఎట్లా ఉందో నీకు విడిగా ఒక్క ముక్క కూడా రాయలేదు. ఉంది అక్కా. పొద్దుటి నుంచి మబ్బు, మంట బాగానే ఉంది. ఖాతూన్‌కు దవాఖానలో కట్టుకోవడానికి నా పాత మెత్తని చీరలు రెండు ఉతికి ఆరేశాను. చినుకులు పడుతున్నాయి. తీయడానికి పోతున్నాను.

నీ
సావిత్రమ్మ